ముళ్లయ్య మూసిన గొట్టం

తునికిలోయ అడవిలో జింకలు, కుందేళ్లు, ఉడతలు, ఏదుపందులు ఉండేవి. కొండమీద పెద్ద వాన పడితే కింద వాగు పొంగేది. అప్పుడు కొండమీది జింక గిట్టతో బండను కొట్టేది. రెండు గట్టి దెబ్బలు, ఒక మెల్లని దెబ్బ. అంటే, "వరద! పైకి పరుగెత్తండి!" అని. దారి మధ్యలో ఉండే కుందేలు అది విని, అవే దెబ్బలు నేలమీద కొట్టేది. ఆ దెబ్బలు ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరైనా కొట్టొచ్చు.

వాగు అవతలి ఒడ్డున ముళ్లయ్య అనే ఏదుపంది ఉండేవాడు. తల్లిలేని కూతురు చిట్టి అంటే అతనికి ప్రాణం. ముళ్లయ్య పనిమంతుడే, కాదనను. వెదురు గొట్టంలో తన ముల్లు ఒకటి బిగించి, పైన జిగురుతో మూసేశాడు. దాన్ని గీరితే ఎంత పెద్ద కబురైనా చిటికెలో వెళ్లిపోయేది. కొండమీద గీరితే కుందేలు దాకా వినబడేది, కుందేలు మళ్లీ గీరితేనే వాగు దాకా చేరేది. కానీ అలాంటి గొట్టమే చెవికి పెట్టుకుంటేనే అర్థమయ్యేది. ఉత్త చెవికి గరగరమని రొద, అంతే!

జింకకూ కుందేలుకూ తలా ఒకటి ఇచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు. దాంతో ముళ్లయ్యకు తల తిరిగింది.

"చిట్టికి మన దెబ్బలు నేర్పనా, నాయనా?" అని ఉడతవ్వ ఒకసారి అడిగింది.

"నా కూతురికి ఆ మోటు చప్పుళ్లెందుకు అవ్వా? దానికి నా గొట్టం ఉంది" అన్నాడు.

వానాకాలం మొదట్లో కుందేలు గొట్టంలో ముల్లు విరిగింది. పాపం, మూత తీసి తుమ్మముల్లు పెట్టి చూసింది. పలకలేదు.

"మామా, ఒక్క ముల్లు ఇవ్వవా?"

"నా గొట్టం ఎవరు విప్పమన్నారు? ఇవ్వను, పో!"

ఒళ్లంతా ముళ్లే కదా! ఒక్కటిస్తే ఏం పోయేది?

ఒకరోజు చిట్టిని ఇంట్లో ఉంచి, ముళ్లయ్య జింక గొట్టం బాగుచేయడానికి కొండెక్కాడు. అంతలోనే కుంభవృష్టి. నీళ్లు వాగువైపు ఉరికాయి. అతను గబగబా గొట్టం గీరాడు. కుందేలు నుంచి జవాబు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ముల్లు తనే ఇవ్వలేదని. గొట్టం పారేసి, జింకతో కలిసి బండను బాదాడు.

కుందేలు విన్నది, నేలను కొట్టింది. వాగు ఇవతల ఉడతవ్వ పిల్లలందరినీ తీసుకుని మెరక ఎక్కింది. అక్కడి నుంచి "చిట్టీ! చిట్టీ!" అని గొంతు చించుకుంది. వాగు హోరులో ఆ కేక ఎవరికి వినబడుతుంది?

నేలలోంచి దెబ్బలు మాత్రం చిట్టి బొరియలోకి వచ్చాయి. రెండు గట్టివి, ఒక మెల్లనిది. అవేమిటో ఆ పిల్లకు తెలియదు. నాన్న ఏమైనా చెబుతాడేమోనని గొట్టం చెవికి పెట్టుకుని కూర్చుంది.

వరద తగ్గాక ముళ్లయ్య బొరియలో బురద తవ్వాడు. చిట్టి అక్కడే ఉంది. గొట్టం ఇంకా చెవి దగ్గరే ఉంది.

"దెబ్బలు వినే ఉంటావు తల్లీ! నేను నేర్పి ఉంటే బతికేదానివే!" అని నెత్తి బాదుకుని ఏడ్చాడు. అతన్ని ఓదార్చబోయి ఉడతవ్వ కూడా ఏడ్చేసింది.

ఇప్పుడు ముళ్లయ్య అడిగినవాళ్లందరికీ ముళ్లిస్తాడు. గొట్టాలకు మూతలు పెట్టడు. ప్రతి వానాకాలం ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆ దెబ్బలు నేర్పుతాడు. చిట్టి ఈడు పిల్ల సరిగ్గా కొట్టిందంటే, ఇంకోసారి కొట్టమని అడుగుతాడు.

నీతి: మన గొప్ప కోసం పదిమంది భాషను కాదంటే, ఆపదలో పదిమంది పిలుపు మనవాళ్లకే అర్థం కాదు.