కళ్ళకద్దుకున్న కత్తి

భుజంగరావు మాస్టారికి ఒకే కల మళ్ళీ మళ్ళీ వస్తోంది. హెడ్మాస్టరుగా రిటైరై ఆరేళ్ళయినా కలలో ఇంకా పాఠం చెబుతూనే ఉంటాడు. తరగతి గుమ్మం బయట ఎవరో ముసలాయన, చంకలో తోలుసంచీ పెట్టుకుని నిలబడి ఉంటాడు. లోపలికి రాడు, అలాగని వెళ్ళిపోడు. మాస్టారే వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టి వస్తాడు. ఆ గడియ చప్పుడుకే మెలకువ వస్తుంది, ఒళ్ళంతా చెమట.

మూడేళ్ళుగా ఆయన కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఆశ్రమానికి వచ్చి పోతున్నాడు. 'నేనెవరు' అన్న ప్రశ్న మీద ఆయన చదవని భాష్యం లేదు. పక్కవాడు నోరు తెరిస్తే చాలు, శ్లోకం అందుకుని మూడు రకాల అర్థాలు చెప్పేదాకా వదిలేవాడు కాదు. ఇంత చదువు ఎలా అబ్బిందని కొత్తవాళ్ళు అడిగితే, తన తండ్రి సంస్కృత పండితుడని చెప్పేవాడు. అందరూ నమ్మారు. నమ్మకేం చేస్తారు, మనిషి అలా ఉండేవాడు మరి. మల్లెపువ్వులాంటి పంచె, భుజాన మడత నలగని ఉత్తరీయం.

ఆ ఉదయం మాస్టారు పెద్దస్వామి ముందు కూర్చుని కల సంగతి చెప్పుకున్నాడు. ఈ వయసులో ఇదేం పీడ అని వాపోయాడు. అది రాకుండా ఏదైనా మంత్రం ఇమ్మని అడిగాడు.

స్వామికి ఎనభై దాటాయి. మాట తక్కువ. "ఎవరాయన?" అన్నాడు.

"ముఖం కనబడదు స్వామీ."

"తలుపు వేసేటప్పుడు కూడానా?"

మాస్టారు ఉత్తరీయం మడత సర్దుకున్నాడు.

ఆ రోజు పౌర్ణమి. సన్యాసులు పౌర్ణమికే తల గొరిగించుకుంటారు. కాసేపటికి ఊళ్ళోంచి మంగలి నాంచారయ్య చంకలో కత్తుల తోలుసంచీ, అదే పొది, పెట్టుకుని వచ్చాడు. మాస్టారు చటుక్కున లేచాడు. ప్రతి పౌర్ణమికీ ఇదే తంతు. సరిగ్గా కత్తి బయటికి తీసే వేళకి ఆయనకి గోశాలలో ఏదో పని గుర్తొచ్చేది.

ఈసారి స్వామి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. నాంచారయ్యని ముందు ఫలహారం కానిమ్మని, పొది ఇక్కడ పెట్టి వెళ్ళమన్నాడు. అతను అరుగు మీద కూర్చుని ఉప్మా తింటూండగా, స్వామి ఆ పొదిని మాస్టారి ముందుకి జరిపాడు. తను పీట మీద కూర్చుని తల వంచాడు.

"నువ్వు చెయ్యి."

చుట్టూ నలుగురు శిష్యులున్నారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తనకి చేతకాదని చెప్పబోయాడు. స్వామి వంచిన తల ఎత్తలేదు. ఆ వయసులో పాపం ఆ మెడ ఎంతసేపని అలా వంచుకుని ఉంటుంది?

మాస్టారు ఉత్తరీయం తీసి పక్కన పెట్టాడు. దోసిట్లో నీళ్ళు తీసుకుని స్వామి తలంతా తడిపి, వేళ్ళతో మెత్తగా పట్టించాడు. పొది విప్పి కత్తి తీశాడు. తోలుపట్టీ మీద అటూ ఇటూ నాలుగుసార్లు నూరాడు. అప్పుడు, తనకి తెలియకుండానే, ఆ కత్తిని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

అరుగు మీద నాంచారయ్య తినడం ఆపేశాడు.

నలభై ఏళ్ళ తర్వాత పట్టుకున్న కత్తి. మొదటి గీత నెమ్మదిగా గీశాడు. రెండో గీతకి చెయ్యి కుదురుకుంది. నడినెత్తి నుంచి నుదుటికి వచ్చాడు, చెవి మడిచి దాని వెనక గీశాడు, మెడ మీద నూగు కూడా వదల్లేదు. ఒక్క గాటు పడలేదు. శిష్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అంతా అయ్యాక నాంచారయ్య దగ్గరికొచ్చాడు. అతని గొంతులో వెటకారం లేదు. పనివాడు పనివాణ్ణి అడిగినట్టే అడిగాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు బాబూ?"

పండితుడైన తండ్రి నాలుక చివరిదాకా వచ్చాడు. ఇన్నేళ్ళు చెప్పిన అబద్ధం, అదీ నిజంలాగే నోటికొస్తుంది కదా. కానీ చేతిలో తడి కత్తి ఉంది.

"మా నాన్న దగ్గర."

ఇక మాట ఆగలేదు. తండ్రి పేరు అంకయ్య, ఊళ్ళో మంగలి. కొడుక్కి పదేళ్ళప్పుడే కత్తి పట్టడం నేర్పాడు, ఆ పని చేసుకుంటూనే పై చదువులు చదివించాడు. దూరపు ఊళ్ళో కొడుక్కి పంతులుద్యోగం వచ్చిన కొత్తలో చూద్దామని వెళ్ళాడు, చంకలో పొదితోనే. ఎవరాయన అని తోటి పంతుళ్ళు అడిగారు. మా ఊరి మంగలి, గడ్డం చెయ్యడానికి పిలిపించాను అన్నాడు కొడుకు. గుమ్మంలో నిలబడ్డ అంకయ్య అది విన్నాడు. కాదనలేదు. కొడుకు మాట పోకూడదని బడి అరుగు మీదే పొది విప్పి, కత్తి కళ్ళకద్దుకుని, అందరి ముందూ వాడికి గడ్డం చేశాడు.

"అయ్యాక అద్దం పట్టుకుని, 'బాగా కుదిరిందా అయ్యా?' అన్నాడు స్వామీ," అన్నాడు మాస్టారు. "నన్ను. కన్నకొడుకుని పట్టుకుని అయ్యా అన్నాడు."

అంకయ్య మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. మరుసటేడే పోయాడు.

మాస్టారు సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాడు. నాంచారయ్య భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చాడు. మాస్టారు దాంతో ముందు కత్తి తుడిచాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

స్వామి తన నున్నటి తలని అరచేత్తో నెమ్మదిగా తడుముకున్నాడు, నుదుటి నుంచి మెడ దాకా.

"మీ నాన్న చెయ్యి తేలికయ్యా," అన్నాడు.