అనసూయకు తగిన గాలిపటం

పైడయ్య గురువుగారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. "ఇప్పుడు గాలి ఎటు నుంచి వస్తోందండీ?" అని అడిగిన పాపానికి ఒక ఇంజనీరుగారి చేతికి తడి తువ్వాలు ఇచ్చి, మిట్టమధ్యాహ్నం దాకా ఇసుకలో నిలబెట్టారు. ఆ పెద్దమనిషికి జవాబు దొరికిందో లేదో నాకు తెలియదు గానీ తువ్వాలు మాత్రం ఆరింది.

గురువుగారి ఇంటిపేరు సూరాడ. చిన్నతనంలో తెరచాప పడవ నడిపిన చెయ్యి. భీమిలి దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగలో, నడుము లోతు దాటని నీళ్లలో, గాలిపటం సాయంతో నీళ్ల మీద ఆడడం నేర్పుతారు. పటం అంటే కాగితానిది కాదు. మనిషిని లాక్కుపోగల గుడ్డ పటం. దాని తాళ్లు వచ్చి ఒక అడ్డకర్రకు కలుస్తాయి, ఆ కర్రను రెండు చేతులతో పట్టుకోవాలి. నా పేరు వరహాలమ్మ. ఆ పటాలు చిరిగితే కుట్టేదాన్ని. ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డులోనే నా మిషను ఉంది. అయినా ఆయన మాటల్లో సగం నాకు అంతుపట్టవు, అంతుపట్టిన సగమైనా సరిగ్గా పట్టిందో లేదో చెప్పలేను. కాబట్టి ఈ కథకు అర్థం ఏమిటని నన్ను అడక్కండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ ఏడు నర్సింగ్ అనే శిష్యుడు హైదరాబాదు పురానాపూల్ నుంచి పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల గల్లీలో పతంగుల పందెమంటే అతనే. మాంజా దారం కోసిన గాట్లు చూపుడువేలి మీద వరసగా ఉంటే పతకాల్లాగా అందరికీ చూపించేవాడు. వారం రోజులు ఇసుక మీద గురువుగారి పటాలు ఆడించాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా పటాన్ని చేజారనివ్వలేదు. మేమంతా అబ్బో అనుకున్నాం. గురువుగారు మాత్రం పటం కేసి కాదు, అతని పిడికిళ్ల కేసి చూసేవారు. అది చూసి కూడా నాకు ఏమీ తోచలేదు.

ఎనిమిదో రోజున అతని భార్య అనసూయ తానూ నీళ్లలోకి దిగుతానంది. అంతే, మనవాడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. నోటుబుక్కు ఒకటి తీసి కనబడినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టాడు. చిన్న పటమే మంచిదని ఒకరు రాయించారు. చిన్నది గిరగిరా తిరుగుతుంది, కొత్త చేతికి లొంగదు, కాస్త పెద్దదే నిదానమని ఇంకొకరు. మెత్తటిది మీద పడినా దెబ్బ తగలదని ఒకరు. మెత్తటిది నీళ్లలో పడితే పొట్టనిండా తాగేసి మళ్లీ లేవదు, అంచులో గాలి కొట్టినదైతేనే తేలుతుందని ఇంకొకరు. మనిషి బరువును బట్టి తీసుకోవాలని మరొకరంటే అనసూయను అడిగాడు. ఆవిడ సోమవారం ఒక బరువు, బుధవారం ఇంకో బరువు చెప్పింది. చివరికి నా దగ్గరికీ వచ్చాడు.

"ఏదైనా చివరికి చిరిగి నా దగ్గరికే వస్తుంది నాయనా, నన్నడుగుతావేం?" అన్నాను. అదీ రాసుకున్నాడు, పిచ్చి మారాజు.

ఆఖరికి గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గురువుగారూ, నీళ్ల మీద మొదటిసారి ఆడే మనిషికి ఏ పటం ఇయ్యాలె? ఎంత చిన్నదియ్యాలె? ఆమెకు ఈత అంతంతమాత్రం. నాకేమన్న అయితే పోనీ, ఆమెకేమన్న అయితే నేను బతకను." అతని మీద నాకున్న చిరాకంతా ఆ ఒక్క మాటతో పోయింది.

గురువుగారు ఇసుక మీద మూడు పటాలు పరిపించారు. ఒకటి రెండున్నర మీటర్లది, పరుపులాగా మెత్తనిది. రెండోది మూడున్నర మీటర్లది, ముందంచులో గాలి నింపిన గొట్టం ఉన్నది. మూడోది ఐదు మీటర్లది. సముద్రం మీది నుంచి ఒడ్డుకేసి గాలి బాగానే కొడుతోంది. నేల మీంచి సముద్రానికి కొట్టే గాలిలో ఆయన ఎవర్నీ దిగనివ్వరు, అది వేరే సంగతి.

"అన్నిటికన్నా సిన్నదేది? తియ్యి," అన్నారు.

నర్సింగ్ మెత్తటిది తీశాడు. అనసూయ ముందుకొచ్చింది.

"నువ్వు కాదమ్మా. బాబు ఆడతాడు. నువ్వు ఎనకాల నిలబడు. నీకెప్పుడు బుద్ధిపుడితే అప్పుడు వదిలెయ్యమని అరువు. బాబూ, ఆయమ్మ అరవగానే కర్ర వదిలీ. మణికట్టుకి పట్టీ ఉంది. నువ్వొదిలితే పటం సప్పబడి పడిపోతాది, ఎటూ పోదు."

నర్సింగ్ ముఖం చూడాలి. అడిగింది పెళ్లాం పటం గురించి, ఆడాల్సింది తనా? నాకూ అర్థం కాలేదు. మనవాడి గొప్పలకు గురువుగారు చురక వేస్తున్నారనుకున్నాను. పటాన్ని పరీక్షిస్తున్నారని నర్సింగ్ అనుకున్నాడు. తన గొంతు పరీక్షిస్తున్నారేమోనని అనసూయ అనుకుందట, తరవాత చెప్పింది. ముగ్గురం మూడు దారుల్లో ఉన్నాం. గురువుగారు బీడీ వెలిగించుకున్నారు.

నర్సింగ్ హెల్మెట్టు, తేలే జాకెట్టు తొడుక్కుని మోకాలి లోతులో పటం లేపాడు. అందంగానే లేచింది. నాలుగు నిమిషాలు ఇటూ అటూ నడిపాడు. ఒక గాలి విసురు వచ్చి పటం కుడికి వంగింది. అంతే, పతంగుల చెయ్యి కదా, పందెంలో ఎదుటి దారాన్ని కోసేటప్పుడు లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. చిన్న పటం కదా, బొంగరంలా తిరగడం మొదలెట్టింది. తిరిగినప్పుడల్లా ఒక గుంజుడు. రెండో తిరుగుడుకే మనిషి బోర్లా పడ్డాడు.

"ఇడిసిపెట్టుర్రి!" అని అరిచింది అనసూయ.

వదల్లేదు. పటం లాగుతోంది, మనిషిని నీళ్ల మీద ఈడ్చుకుపోతోంది. గాలి తోసే వైపు వంతెన కింద రాళ్లకట్ట ఉంది.

"ఇడిసిపెట్టుర్రి అంటుంటే!"

ఊహూఁ. రెండు పిడికిళ్లూ కర్ర మీద బిగుసుకుని ఉన్నాయి. అనసూయ చీర పైకి దోపుకుని నీళ్లలో పరుగెత్తింది. "నర్సింగ్! ఇడువు! నీ కాల్మొక్కుత, ఇడువు!" ఆవిడ మొగుణ్ని పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదటిసారి. నేను మిషను ముందు నుంచి లేచి ఒడ్డుకు పరుగెత్తాను. గురువుగారు అప్పటికే బీడీ పారేసి నీళ్లలో సగం దూరం వెళ్లిపోయారు. అరవై దాటిన మనిషి అంత వేగంగా ఎలా వెళ్లారో దేవుడికే తెలియాలి.

పటమే కాపాడింది. తిరిగి తిరిగి నీళ్లలో పడింది, గుడ్డ నిండా నీళ్లు తాగింది, మళ్లీ లేవలేదు. నర్సింగ్ రాళ్లకు నాలుగు బారల దూరంలో ఆగాడు. గురువుగారు వెళ్లి వేళ్లు ఒక్కొక్కటే విప్పితే గానీ కర్ర బయటికి రాలేదు.

ఒడ్డున కూర్చోబెట్టి అనసూయ తల తుడుస్తుంటే దగ్గుతూ అన్నాడు. "ఇనబడ్డది. మూడుసార్లు ఇనబడ్డది. ఇడవాలనే అనుకున్న. చెయ్యి ఇనలే. చిన్నప్పటి సంది చేతిల దారం ఇడిస్తే మా గల్లీల ఏడాది దాక నవ్వుతరు."

"ఎవరు నవ్వుతరు? నేను ముండమోసిన్నంక నవ్వుతరా?" అని వీపు మీద ఒక్కటి చరిచి ఏడ్చింది.

ఆ రోజుకి ఇక చాలు అనుకుని నేను తడిసిన పటం చుట్టబోయాను. గురువుగారు అనసూయ కేసి తిరిగి, "నువ్వు రా అమ్మా," అన్నారు. చేతికి మూడున్నర మీటర్లది, అంచులో గాలి ఉన్నది ఇచ్చారు.

నర్సింగ్ లేచి నిలబడ్డాడు. "గురువుగారూ! నేను చిన్నదే పట్టలేకపోతి, ఆమెకు ఇంక పెద్దదా?"

సందేహం నాదీ అదే. ఆయన వినిపించుకోలేదు. అనసూయకి హెల్మెట్టు, జాకెట్టు తొడిగించి తానూ పక్కనే దిగారు.

ఆవిడ పటం లేపింది. విసురు రాగానే కర్ర వదిలేసింది. పటం చప్పబడి నీళ్ల మీద పడి, మునక్కుండా తేలుతూ ఉండిపోయింది. మళ్లీ లేపింది. మళ్లీ లాగింది, మళ్లీ వదిలేసింది. ఇలా అయిదుసార్లు. మూడోసారికి ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు. ఇది ఆడినట్టా, మానినట్టా? మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. అయిదోసారికి ఆవిడే సిగ్గుపడి ఒడ్డుకు వచ్చేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

"నాకు రాదేమో గురువుగారూ," అంది. "జరంత గుంజంగనే చెయ్యి దానంతటదే ఇడుస్తున్నది."

నర్సింగ్ ఆవిణ్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అంత అల్కగ ఎట్ల ఇడుస్తున్నవ్ నువ్వు?"

"ఎట్ల అంటే? పదకొండేండ్లు మీ ఎనక దారం చుట్టిన చరఖా పట్టుకోని నిలబడ్డ. మీరు ఢీల్ అనంగనే నేను దారం ఇడవాలె. ఒక్క క్షణం ఆలస్యమైతే మీరు తిట్టేటోళ్లు. ఇడుసుడు తప్ప నాకేం నేర్పిండ్రు మీరు?"

అతను జేబులోంచి నోటుబుక్కు తీశాడు, తడిసి ముద్దయి ఉంది, పేజీలు విడదీయబోయి మానేశాడు. గురువుగారు పటాల్లోంచి నీళ్లు వంపుతున్నారు. పాపం, నర్సింగ్ మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి గొంతులో గొప్ప ఏమీ లేదు, అయోమయమే ఉంది.

"ఇప్పుడింక నాకు ఏం సమజ్ అయితలేదు గురువుగారూ. ఆమెకు ఏది? నాకు ఏది?"

గురువుగారు గాలి గొట్టమున్న పటాన్ని అనసూయ వైపు జరిపారు.

"ఆయమ్మకి ఇది సాలు," అన్నారు. "నీకు సరిపడినంత సిన్నది మాత్రం నాకింకా దొరకనేదు బాబూ."