బురుజు మీది అంబలి

అబద్ధమనేవాడు ఇప్పుడే లేచి పొండి! కథ మధ్యలో ముసిముసిగా నవ్వినవాడి పళ్ళకు పూచీ లేదు.

అనగా అనగా, కొండలింకా దోగాడే కాలాన, బూదిగుట్ట అనే ఊరు. ఊరికో మట్టికోట. కోటకో పాలెగాడు, వీరబొమ్మడు. ఆ ఊరి బడిలో చరిత్ర చెప్పే పంతులు ఓబులయ్య. చూడబోతే చీపురుపుల్ల. కోపమొస్తే మాత్రం మూడూళ్ళ అవతల చింతకాయలు రాలేవి!

ఆ ఊళ్ళో ఒక వాడుక. ఏటా పంటలు ఇంటికొచ్చాక పాలెగాడు బడికొచ్చి కోట ముట్టడి కథ అడుగుతాడు. పిల్లలంతా లేచి ఒకే గొంతుతో, ఒకే రాగంతో ఒప్పజెప్పాలి. చెప్పలేని పిల్ల చేతికి గొర్రెలు కాసే కట్టె ఇస్తారు. కట్టె పట్టిన పిల్ల మళ్ళీ బడి గడప తొక్కరాదు.

ఆ ఏడు బడిలో ఆ రాగం పట్టుబడనివాళ్ళు ముగ్గురున్నారు. నరసన్నకు చూపు లేదు. తిప్పక్కకు వినబడదు, మాట రాదు. గంగులుకు అన్నీ ఉన్నాయి, కాలు మాత్రం నిలవదు. కూర్చోబెట్టి చెప్పింది ఒక్క ముక్క తలకెక్కదు.

ఓబులయ్య ఒకసారి చెప్పాడు. రాలేదు. రెండోసారి చెప్పాడు. రాలేదు. మూడోసారి బెత్తమెత్తాడు. ఎత్తీ ఎత్తకముందే తిప్పక్క అరచెయ్యి చాపింది. కళ్ళు కూడా మూసుకోలేదు. దెబ్బకు అలవాటుపడ్డ చెయ్యి.

ఓబులయ్యకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, తన మీద. బెత్తాన్ని విసిరాడు చూడండీ, ఏరు దాటి, గుట్ట దాటి, పోయి మబ్బుకు గుచ్చుకుంది. ఆ ఏడు వాన కురిసింది ఆ చిల్లులోంచే!

"లేవండిరా, గోడ కాడికి పోదాం," అన్నాడు.

ఫిరంగి గుండు తగిలిన గుంటలో నరసన్న చెయ్యి పెట్టించాడు. ఆనాటి జనం కుండలు మోసిన దారినే గంగులును పరుగెత్తించాడు. మందుగుండు అయిపోయినప్పుడు ఆడవాళ్ళు మరిగే అంబలి కుమ్మరించిన బురుజు మీదికి తిప్పక్కను ఎక్కించి, తానే శత్రువై కింద నిలబడ్డాడు. అంబలికి బదులు పోయించుకున్న చన్నీళ్ళకు పంతులికి పడిశం పట్టింది.

పరీక్ష రోజు వచ్చింది. నలభై గొంతులు రాగం తీశాయి. పాలెగాడు ఆవలించాడు. ఆ ముగ్గురి వంతు వచ్చింది. రాగం రాలేదు.

"ఏమయ్యా పంతులూ! ఒక గుడ్డి, ఒక చెవుడు, ఒక తిక్క. ఇది బడా, సత్రమా?"

ఊరంతా నవ్వింది. మూడు కట్టెలు తెచ్చారు.

"ఆపండి!" అని అరిచాడు ఓబులయ్య. గోడ పెచ్చులు రాలాయి. పాలెగాడి గుర్రం ఏడ్చింది. "పిల్లలకు చెప్పను రాదంటివి. నీకు అడగను వచ్చునా దొరా? నలభై గొంతులు చెప్పాయి కదా, శత్రువు ఎక్కడ నిలబడ్డాడో చూపించు!"

పాలెగాడు మీసం దువ్వాడు. "నువ్వే చూపించు."

"నేను కాదు. వీళ్ళు."

నరసన్న పాలెగాడి చెయ్యి పట్టుకుని నడిపించాడు. గోడ తడిమాడు. "గుండు దెబ్బ ఇదిగో దొరా. ఇంకొంచెం ఇటు జరుగు. ఆఁ, ఇక్కడే నిలబడ్డాడు."

గంగులు అప్పటికే లేడు. విందుకు అంబలి కాస్తున్న పొయ్యి మీది కుండ కూడా లేదు. "ఓరి నీ కాళ్ళిరగ!" అని వంటావిడ కేక పూర్తయ్యేలోగా కుండ బురుజు మీద ఉంది.

తిప్పక్క కిందికి చూసింది. శత్రువు చోట ఒకడున్నాడు. అయ్యోరి వైపు చూసింది. ఓబులయ్య అవునన్లేదు, వద్దన్లేదు. చేతులు కట్టుకున్నాడు.

పోసింది!

ఆ కేక కాశీలో వినబడిందట. "కాలిందిరో నాయనో!"

"వాళ్ళకూ అట్లే కాలింది దొరా. ఇప్పుడొచ్చిందా చరిత్ర?"

ఆ పొద్దే పంతుల్ని ఊరి పొలిమేర దాటించాడు పాలెగాడు. కట్టెలు మాత్రం ఇవ్వలేకపోయాడు. ఆ పిల్లలకు పాఠం రాలేదని అనడానికి నోరెట్లా వస్తుంది, నెత్తి నిండా బొబ్బలు పెట్టుకుని?

ఓబులయ్య పరాయి ఊళ్ళో పోయాడు. కోపం తగ్గకుండానే పోయాడు. ఆ కబురొచ్చేనాటికి బూదిగుట్ట బడిలో పాఠం చెబుతున్నది తిప్పక్క. ఆమె పెట్టిన వాడుకే ఇప్పటికీ నడుస్తోంది. ఏటా పరీక్షకు ముందు ఊరిపెద్ద బురుజు కింద నిలబడాలి, పిల్లలు పైనుంచి అంబలి పోయాలి. ఇప్పుడు చల్లార్చి పోస్తున్నారు లెండి, అంత కోపం ఇప్పటివాళ్ళకెక్కడిది! ఆ తర్వాతే ఆయన నెత్తి తుడుచుకుని ఒక్కో బిడ్డనూ అడగాలి: "చెప్తావా? చూపిస్తావా? చేస్తావా?"

నమ్మరూ? పోయినేడు కింద నిలబడ్డ పెద్దమనిషినే అడగండి. చెవిలో రాగిపిండి ఇంకా ఉంది. పేరు కొట్టాల ఈరప్ప.