ఊరగాయల కొట్టుకి కొత్త మనిషి

ఒకానొక రాజ్యాన్ని జయకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకి ఆవకాయంటే ప్రాణం. తన తెలివంటే అంతకన్నా ప్రాణం. మనిషిని చూడగానే పనికొస్తాడో రాడో చెప్పేస్తాననేవాడు.

అలా చూసి ఆయన కోటలోని ఊరగాయల కొట్టుకి వరసగా నలుగురిని పెట్టుకున్నాడు. ప్రతి వేసవిలోనూ జాడీలు నిండేవి. శ్రావణం వచ్చేసరికి బూజు పట్టేవి. ఏడాదికొకడి ఉద్యోగం ఊడేది.

నాలుగోవాణ్ణి కూడా పంపేశాక రాజు దండోరా వేయించాడు. కొట్టుకి మనిషి కావాలట. కోటల్లో పదేళ్లు పనిచేసిన అనుభవం ఉండాలట.

ఆ ఊళ్లో అచ్చియమ్మని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. నలభై ఇళ్లకి ఆవకాయ పెట్టేది గానీ, ఆ పని ఏడాదికి రెండు నెలలే. మిగతా పది నెలలూ మరిది ఇంట్లో తోడికోడలి సాధింపులు వింటూ అన్నం తినాలి. ఈ ఉద్యోగం దొరికితే తన పొయ్యి తను వెలిగించుకోవచ్చు. జంకుతూనే చిన్న జాడీ ఒకటి చంకన పెట్టుకుని కోటకి వెళ్లింది.

సభలో రాజు ఉద్యోగానికి వచ్చినవాళ్లందరినీ ఒకటే అడిగాడు. "మా ఆవకాయ ఎందుకు పాడవుతోంది?"

"ఉప్పు మంచిది కాదు ప్రభూ!" అన్నాడొకడు.

"ఇదివరకటివాడు చేతకానివాడు మహారాజా!" అన్నాడింకొకడు.

"దిష్టి!" అన్నాడు మూడోవాడు.

అచ్చియమ్మ వంతు వచ్చింది. మంత్రి ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వు ఏ కోటలో చేశావమ్మా?"

"ఏ కోటలోనూ చెయ్యలేదండి."

సభంతా గొల్లుమంది.

"మరెందుకొచ్చావు?"

"కొట్టు ఒక్కసారి చూపించండి, చెప్తాను. చూడకుండా ఏం చెప్పనండి?"

అప్పటిదాకా కొట్టు చూస్తామన్నవాళ్లే లేరు. రాజు సరేనన్నాడు. ఆమె వెళ్లి కాసేపటికి తిరిగొచ్చింది.

"కాయ మంచిదే, ఉప్పూ మంచిదే మహారాజా. వెనక వరసలో జాడీలు వాసెన గుడ్డ కట్టింది కట్టినట్టే ఉన్నాయి. గుమ్మం పక్కనున్న వాటికే బూజు."

"అయితే పాడుచేసేది ఎవరు?"

"చెప్తానండి. ముందు నా చేతి ఆవకాయ రుచి చూడండి."

జాడీ మూత తీసింది. ఘుమఘుమలాడింది. రాజుకి నోరూరింది. చెయ్యి కడగనిదే ఏదీ ముట్టని మనిషి ఆయన. నౌకరు బంగారు చెంబుతో నీళ్లు పోశాడు. వేళ్లనుంచి నీళ్లు కారుతుండగానే రాజు జాడీలోకి చెయ్యి చాపాడు.

అచ్చియమ్మ చటుక్కున మూత పెట్టేసింది.

"తడి చెయ్యి పెట్టకండి!"

మంత్రి లేచాడు. "అది ఎవరి చెయ్యనుకున్నావు?"

"బూజుకి ఎవరి చెయ్యో తెలీదు కదండీ."

రాజు ముఖం ఎర్రబడింది. "అంటే, మా జాడీలు పాడుచేసింది మేమేనా?"

ఆమె గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "తమ భోజనశాలనుంచి కొట్టు దాకా గచ్చు మీద నీటి బొట్లున్నాయండి. ఇవాళ్టివి ఇంకా ఆరలేదు."

రాజు తన చెయ్యి చూసుకున్నాడు. గచ్చు మీద పడ్డ బొట్లు కూడా చూశాడు. రోజూ చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్లి ముక్క తీసుకునేది తనే.

"మరి ఆ నలుగురూ మాకెందుకు చెప్పలేదు?"

"వాళ్లకి కోటల్లో పదేళ్ల అనుభవం ఉందండి. రాజుగారితో ఏం అనకూడదో బాగా తెలుసు."

రాజు పగలబడి నవ్వాడు.

"ఉద్యోగం నీదే. ఏం కావాలో అడుగు."

"ఏడాది పొడుగునా జీతం ఇప్పించండి. కొట్టు తాళం నా దగ్గరుండాలి. ఆ నలుగురినీ మళ్లీ పిలిపించండి, కాయ కొట్టడానికి నాకు మనుషులు కావాలి."

"చేరకముందే షరతులా!" అన్నాడు మంత్రి.

"చేరాక అడిగితే ఎవరు వింటారండి?"

రాజు మళ్లీ నవ్వి, మెడలోని హారం తీసి ఆమెకిచ్చాడు. "అన్నీ ఒప్పుకున్నాం. మరి తాళం నీ దగ్గరుంటే, ముక్క కావాల్సొస్తే మా గతేమిటి?"

"చెయ్యి తుడుచుకుని అడగండి బాబూ, నేనే పెడతాను."

రాజు ఉత్తరీయంతో వేలు వేలూ తుడుచుకుని, నిండు సభలో అరచెయ్యి చాపాడు.

"ఇదిగో, అడుగుతున్నానమ్మా."