చివరి పెట్టెలో ఎలుక

అది 2011, వానలు మొదలైన ఆషాఢం. విశాఖపట్నంలో కొండ మీద ఉన్న ఒక పరిశోధనశాలలో ఆచార్య భానోజీ గారు పనిచేసేవారు. ఎలుకల నుంచి నెత్తురు తీసే ముందు ఆయన వాటి గదిలో ఒట్టి చేతులతో కాసేపు కూర్చునేవారు. "సారు వాటికి ముందుగానే సంతాపం చెప్తున్నారు" అని శిష్యులు నవ్వుకునేవారు.

ఆ శిష్యుల్లో హిమజ ఒకతె. ఒళ్ళు బలిసిన ఎలుకల్లో అతిగా పెరిగిన ఇన్సులిన్‌ను ఒక ఆకు పసరు తగ్గిస్తుందని ఆమె తేల్చింది. వ్యాసం సోమవారం పత్రికకు పంపాలి. అది అచ్చయితే పసరును మనుషులకు ఇచ్చి చూడడానికి ఒక ఆసుపత్రి సిద్ధంగా ఉంది. భానోజీ గారు మాత్రం వ్యాసం మీద సంతకం పెట్టలేదు.

"ఇన్సులిన్ అంకె మిషనే చెప్పింది కదా సార్. ఇంకా అనుమానం ఎందుకు?" అని హిమజ అడిగింది.

ఆయన వాదించలేదు. "కొత్త ఎలుకల్ని తెప్పించు. ఈసారి దేనికీ పసరు పొయ్యకు, అన్నిటికీ నీళ్ళే పట్టు. మిగతాదంతా ఎప్పుడూ చేసినట్టే చెయ్యమ్మా. నేను ఊరికే కూర్చుంటాను" అన్నారు.

హిమజకు ఒక పద్ధతి ఉంది. పసరు తాగిన వాటిని ముట్టిన చేత్తో తాగని వాటిని ముట్టకూడదని, తాగనివి ఉండే పై అరతోనే ఎప్పుడూ మొదలుపెట్టి, తాగినవి ఉండే కింది అరతో ముగించేది. కొత్త ఎలుకల నెత్తురు తీసే రోజూ అలాగే పై అరలో మొదటి పెట్టె మూత తీసింది. గదంతా కొరుకుడు, గీకుడు, గడ్డి కదిలే చప్పుడు. ఆమె ఎలుక తోక కొస కోసి, ఆవగింజంత నెత్తురు సన్నని గొట్టంలోకి పట్టింది. ఎలుక అరవలేదు. కానీ పక్క పెట్టెలో కొరుకుడు ఆగింది. తర్వాత దాని పక్క పెట్టెలో. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయినట్టు, ఆ నిశ్శబ్దం పై అరంతా పాకి, కింది అరలోకి దిగింది.

"ఏటమ్మా వినిపిస్తోంది?" అన్నారు భానోజీ గారు.

"ఏమీ వినిపించడం లేదు సార్."

"ఇందాక వినిపించిందా?"

హిమజ తర్వాతి పెట్టె మూత తీసింది. కింది అర చివరి పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి, అందులోని ఎలుక మూలకు ఒదిగి, ముందుకాళ్ళు ఛాతీకి ఆనించుకుని ఆమె వైపే చూస్తోంది. ఆమె ఇంకా మూత ముట్టుకోలేదు. పైకెత్తినప్పుడు అది గింజుకోలేదు. తడిగుడ్డలా వేలాడింది.

నెత్తురు మీద తేరిన నీటిని బొట్టు బొట్టుగా పళ్ళెంలోని గుంటల్లో వేసి, రంగు తేల్చే మందు కలిపారు. ఇన్సులిన్ ఎక్కువున్న చోట పసుపు రంగు చిక్కగా వస్తుంది, తక్కువైతే పాలిపోతుంది. మొదటి గుంట చామంతిలా ఉంది. అక్కడి నుంచి గుంట గుంటకూ రంగు తగ్గుతూ వచ్చింది. చివరి ఎలుక గుంట దాదాపు ఒట్టి నీళ్ళలా ఉంది.

హిమజ తన పాత పళ్ళెం ఫొటో తెచ్చి దాని పక్కన పెట్టింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పాత పళ్ళెంలో కింది అర ఎలుకలు పసరు తాగినవి, కొత్త పళ్ళెంలో అన్నీ నీళ్ళు తాగినవే.

"భయానికే తగ్గిపోయిందా సార్?" అంది హిమజ. "అయితే పసరు పని చెయ్యదా?"

భానోజీ గారు పళ్ళేన్ని వెలుతురుకెత్తి చూసి, కింద పెట్టారు.

"ఏమోనమ్మా. ఆ మాట మనం పసరుని ఇంకా అడగలేదు. ఇన్నాళ్ళూ ఎలుకలు నీ అడుగుల చప్పుడుకే జవాబు చెప్తున్నాయి."

వ్యాసం పంపలేదు. హిమజ పట్టా రెండేళ్ళు వెనక్కి పోయింది. ప్రయోగం అయిపోయాక ఎప్పుడూ చేసేట్టే, ఆ గదిలోని ఎలుకలన్నిటినీ ఆ వారమే చంపేశారు.