మంగళం పాడని పెట్టె

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఒరేయ్, ఆ ఫోన్లు పక్కన పెట్టండి ముందు! నేను చెప్పబోయేది కూడా ఆట గురించే. మధ్యలో ఎవరైనా లేచారో, వీపు విమానం మోత మోగిపోద్ది.

ఆ రాజుగారి ఊరికి ఒకసారి తోలుబొమ్మలాట వాళ్లు వచ్చారు. తెర కట్టి, దీపాలు పెట్టి, రాకుమారుడి కథ ఎత్తుకున్నారు. బొమ్మ రాకుమారుడు ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడి ప్రాణం దాచిన చిలక పంజరం దగ్గరికి వచ్చాడు. అప్పుడు తెర వెనక నుంచి చిలక గొంతు, "వచ్చావా? దారి మర్చిపోయావేమో అనుకున్నాను" అంది.

అంతే! మూడో కొడుకు మకరందుడికి గుండె జల్లుమంది. ఆ మాట తనతోనే అన్నట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే వాన దంచికొట్టింది. రాజు పల్లకీ ఎక్కాడు. అన్నలిద్దరూ గుర్రాలెక్కారు. జనంలో కూర్చున్న కరకంఠుడనే మాంత్రికుడు పంచె ఎగ్గట్టి పరుగో పరుగు. మకరందుడొక్కడే తడుస్తూ కూర్చున్నాడు. ఆటవాళ్లు కథ ఆపేసి, బొమ్మలన్నిటినీ తెర మీద వరసగా నిలబెట్టి మంగళం పాడారు.

"కథ అవ్వలేదుగా, మంగళమేంటి?" అని అరిచాడు మకరందుడు.

"వానొచ్చినా వరదొచ్చినా మంగళం పాడకుండా లేవకూడదయ్యా," అంది తెర వెనక నుంచి ఆ గొంతే. "పాడకపోతే బొమ్మలు ఆటలోనే ఉండిపోతాయి. పాడామా, ఎక్కడ ఆపితే అక్కడితో కథ సరి."

"మరి రాకుమారుడు చిలకని ఏం చేశాడు?"

"రేపు రా, చూద్దువు గాని."

ఆ రేపు రాలేదురా. తెల్లారి చూస్తే తెర లేదు, మనుషులు లేరు. కోట వాకిట్లో నిలువెత్తు పెట్టె ఒకటి ఉంది. ముందు అద్దం, అద్దం కింద ఒక పిడి, ఒక మీట. పక్కన మీసం దువ్వుతూ కరకంఠుడు.

"మాంత్రికుణ్ణి చంపే కథ ఆడతారా? అందుకే ఆటనీ ఆటవాళ్లనీ ఇందులో పెట్టేశాను! గవ్వ వేసి ఆడుకోండి. మూడు ప్రాణాలిస్తాను. ఏడు సముద్రాలూ దాటి చిలక మెడ తిప్పితే నేను చస్తాను, పెట్టె తెరుచుకుంటుంది!"

గవ్వ వేస్తే అద్దం వెలిగేది. బొటనవేలంత రాకుమారుడు టింగుమని లేచేవాడు. పిడి తిప్పితే నడిచేవాడు, మీట నొక్కితే గెంతేవాడు. అన్నీ ముగ్గులో చుక్కల్లా పేర్చిన బొమ్మలే. చిలకంటే గుప్పెడు పచ్చచుక్కలు, ముక్కుకో ఎర్రచుక్క. సముద్రమంటే మూడు నీలం గీతలు. అయినా ఆ గీతలు కదిలితే చాలు, మకరందుడి ఒంటికి ఉప్పుగాలి తగిలేది.

పెద్దవాడు పిడిని ఎద్దు ముకుతాడు లాగినట్టు లాగాడు. మొదటి సముద్రంలోనే మూడు ప్రాణాలూ మొసలి నోట్లో పోశాడు. నడిపివాడు తెలివైనవాడు. ఏ మొసలి ఎప్పుడు నోరు తెరుస్తుందో బట్టీపట్టి, చిలక మెడ తిప్పేశాడు. పెట్టె తెరుచుకుందా? లేదు! అద్దం మసకబారి, మళ్లీ మొదటి సముద్రం వచ్చింది. కరకంఠుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నడిపివాడు మళ్లీ ఆడాడు, మళ్లీ తిప్పాడు, మళ్లీ మొదటి సముద్రమే. "ఛీ, దొంగ పెట్టె!" అని పోయాడు.

మకరందుడు మాత్రం ఆ ఒక్క మాట కోసం ఆడేవాడు. ఏడు సముద్రాలు దాటి పంజరం దగ్గరికి వెళ్లేవాడు. "వచ్చావా? దారి మర్చిపోయావేమో అనుకున్నాను" అనేది చిలక. వినగానే పిడి వదిలేసేవాడు. మెడ తిప్పడానికి చేతులు రావు కదా! వెనక నుంచి మొసలి మింగేసేది. ఇంకో గవ్వ వేసేవాడు. అన్నం సయించదు, నిద్ర పట్టదు. "చిన్నబాబుకి పెట్టె పిచ్చి పట్టింది" అని జనం చెవులు కొరుక్కున్నారు.

మూడో సముద్రంలో ఒక కప్ప ఉండేది. అందరూ దాని నెత్తి మీద కాలేసి దాటేవాళ్లు. మకరందుడు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఒకరోజు ఆ కప్ప నోరు విప్పింది.

"నన్ను తొక్కనివాడివి నువ్వొక్కడివే, అందుకని చెబుతున్నా. ఆ చిలక గొంతు సింగారిది, మా బొమ్మలాట మేళం పెద్దాయన కూతురిది. పలికినప్పుడల్లా ఆ పిల్ల కొంచెం కొంచెం అరిగిపోతోంది. ఇంకొక్కసారి పలికిందా, ఇక లేదు."

మకరందుడు పిడి వదిలేసి కూలబడ్డాడు. "అయ్యో, నేను వినీ వినీ అరగదీశానా! ఎలా విడిపించను?"

"అది తెలిస్తే నేనిక్కడెందుకుంటాను, బెకబెక!"

అలా తల పట్టుకుని కూర్చుంటే చినుకు పడింది. చూస్తుండగానే కుండపోత. జనం పరిగెత్తారు. కరకంఠుడూ పంచె ఎగ్గట్టాడు, అలవాటేగా! మకరందుడు తడుస్తూ నిలబడ్డాడు. చెవిలో పాత మాట మోగింది: మంగళం పాడకపోతే బొమ్మలు ఆటలోనే ఉండిపోతాయి; పాడామా, ఎక్కడ ఆపితే అక్కడితో కథ సరి.

గవ్వ వేశాడు. ఏడు సముద్రాలూ దాటాడు. పంజరానికి ఒక్క అడుగు దూరంలో ఆగాడు. ఆ ఒక్క అడుగేస్తే ఆ మాట వినొచ్చు. ప్రాణం కొట్టుకుపోయింది. అయినా వెయ్యలేదు. పిడి వదిలేసి, చేతులు జోడించి, వానలో గొంతెత్తి మంగళం పాడాడు.

"ఆపరా!" అంటూ కరకంఠుడు వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆ మొదటి వానకి పారిపోకుండా కూర్చుని ఉంటే మంగళమనేది ఒకటుందని వాడికి తెలిసేది. అద్దంలో చిలక, మొసళ్లు, కప్ప అన్నీ వరసగా నిలబడి దండం పెట్టాయి. పాట పూర్తయింది. కథ అయిపోయాక మాంత్రికుడికేం పని? కరకంఠుడు తోలుబొమ్మై నేల మీద చుట్ట చుట్టుకుపోయాడు.

పెట్టె తలుపు కిర్రుమంది. ఆటవాళ్లంతా బయటికొచ్చారు. కప్ప ఎవరనుకున్నారు, మద్దెల వాయించే తాత! చివర్న సింగారి వచ్చింది, బొంగురు గొంతుతో.

"రేపు రమ్మన్నానుగా. ఇంత ఆలస్యమా?"

ఊరంతా పందిళ్లేసి పెళ్లి చేశారు. రాజు చిన్నవాడికే పట్టం కట్టాడు. ఇద్దరూ పిల్లాపాపలతో జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలారు.

అయితే పెట్టె మాత్రం కోట వాకిట్లోనే ఉండిపోయింది. ముసలి మకరందుడు అప్పుడప్పుడూ వెళ్లి గవ్వ వేసేవాడు. అది ఠంగుమని అడుగున పడేది, అంతే. అద్దం వెలిగేది కాదు.

"ఇంట్లో మనిషిని పెట్టుకుని ఖాళీ పెట్టెతో ఏం పనయ్యా నీకు?" అంది ఒకనాడు సింగారి.

"ఆ మూడు నీలం గీతలు ఒక్కసారి చూడాలని ఉందే. ఎంత దూరం దాటి వచ్చేవాణ్ణి నీకోసం!"

సింగారి మోకాళ్లు పట్టుకుంటూ పెట్టె వెనక్కి వెళ్లి కూర్చుంది. మకరందుడు పిడి పట్టుకున్నాడు. వెనక నుంచి ఆ గొంతు వినిపించింది.

"వచ్చావా? దారి మర్చిపోయావేమో అనుకున్నాను."

ముసలాయన అద్దానికి తల ఆనించి ఏడ్చాడురా, చిన్నపిల్లాడిలా.

ఏయ్, ఎక్కడికి లేస్తున్నారు? గొంతు కలిపి మంగళం పాడండి. ఆ తర్వాత కథ కంచికెళ్లినా, మీరు పక్కలెక్కినా నాకేం అభ్యంతరం లేదు.