పగటి సూది

జిలానీ రోజా విడవనన్నాడు.

పిక్కలో దిగిన ముల్లు చీము పట్టి, పది రోజులుగా జ్వరం కాస్తోంది. అయినా దర్గా మసీదులో అయిదు పూటలా అజాన్ ఇచ్చేది అతనే. తొమ్మిదో ఏట పట్టిన రంజాన్ ఉపవాసం ఇన్నేళ్ళలో ఒక్కరోజూ తప్పలేదని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట వినడం అతనికి ఇష్టం.

మాత్రలకు లొంగలేదని డాక్టరమ్మ వారం పాటు రోజుకో సూది రాసింది. "మధ్యాహ్నం రెండింటికి వేయించుకో. ముందు అన్నం తినాలి, నీళ్ళు బాగా తాగాలి," అంది.

"రోజాలో ఉన్నానమ్మా. రాత్రి ఇఫ్తార్ అయ్యాక వేయండి."

"ఈ మందు కిడ్నీల గుండా బయటికి పోవాలి నాయనా. పగలు ఒళ్ళు మెలకువగా ఉంటుంది, తోసేస్తుంది. రాత్రి కిడ్నీలూ నెమ్మదిస్తాయి. మందు లోపల నిలిస్తే వాటికే దెబ్బ. నీవి అసలే అంతంత మాత్రం."

"పగలూ రాత్రీ అల్లావే. బాగుచేసేవాడికి గడియారంతో పనేముంది?" అని లేచి వచ్చేశాడు.

జరిగింది దర్గాలోని గురువుగారు హజ్రత్ కరీముల్లా షాకి చెప్పాడు. భుజం తడతారనుకున్నాడు. ఆయన సూది ఎన్నింటికని మాత్రం అడిగారు.

మర్నాడు మధ్యాహ్నం నమాజు ముగిశాక ఆయన మైకు తెచ్చి జిలానీ చేతికిచ్చారు.

"మగ్రిబ్ అజాన్ ఇవ్వు."

జిలానీ తెల్లబోయాడు. "ఇప్పుడా? అది పొద్దు గుంకాక కదా, హజ్రత్!"

"పగలూ రాత్రీ అల్లావే అన్నావుగా. పిలువు."

"నా గొంతు విని ఇళ్ళలో అందరూ రోజా విడిచేస్తారు! వేళ కాకుండా నేను పిలవను. మీరు చెప్పినా పిలవను."

గురువుకు అతను ఎదురు చెప్పడం అదే మొదలు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

హజ్రత్ మైకు తీసుకుని పక్కన పెట్టారు.

"నీ గొంతుకి వేళ ఉంది. మరి నీ ఒంటికి?"

జిలానీకి కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియదు.

కాసేపటికి ఆస్పత్రి నుంచి నర్సమ్మ సంచీతో వచ్చింది. ఆమెకు కబురు పంపింది హజ్రతే. అన్నం, పప్పు, మంచినీళ్ళ కూజా కూడా ఆయనే మోసుకొచ్చారు.

"గదిలోకి పోయి తలుపేసుకుని తింటాను," అన్నాడు జిలానీ తల వంచుకుని.

హజ్రత్ పళ్ళెం తీసుకెళ్ళి వీధి వైపు అరుగు మీద పెట్టారు.

"తలుపు దేనికి? జబ్బు మనిషికి రోజా నుంచి సెలవిచ్చింది అల్లాయే. నువ్వేం దొంగిలించావు?"

జిలానీ కుంటుతూ వెళ్ళి కూర్చున్నాడు. మొదటి ముద్ద కన్నీళ్ళతో దిగింది. నమాజు నుంచి వెళ్ళేవాళ్ళు చూసీ చూడనట్టు పోతున్నారు. దర్గా కమిటీ పెద్ద గౌస్ సాహెబ్ మాత్రం ఆగిపోయాడు.

"రంజాన్ నెలలో, పట్టపగలు, నడివీధిలో! ఆ నోటితోనేనా రేపు మాకు అజాన్ ఇచ్చేది?"

హజ్రత్ ఏమైనా అంటారేమోనని జిలానీ చూశాడు. ఆయన కూజా మూత సర్దుకుంటున్నారు.

జిలానీ కళ్ళు తుడుచుకున్నాడు. ముద్ద మింగాడు. తల ఎత్తాడు.

"ఈ నోటితోనే, చాచా. రేపు కాదు, ఈ సాయంత్రమే. పొద్దు గుంకితే మీ వేళ. రెండైతే నా వేళ. వదిలిన రోజాలు కాలు మానాక ఉంటాను. ఒక్కటీ బాకీ పెట్టుకోను."

గ్లాసెత్తి, ఆయన చూస్తుండగానే గటగటా తాగేశాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి నర్సమ్మ ముందు చాపాడు.

గౌస్ సాహెబ్ హజ్రత్ వైపు తిరిగాడు. "వింటున్నారా, ఎలా మాట్లాడుతున్నాడో?"

హజ్రత్ కూజా వంచారు.

"ఇంకో గ్లాసు తాగాలి," అన్నారు.